కంచం, మంచం, ఉస్మానియా

ఉస్మానియా యూనివర్సిటీ గురించి ఎవరు ఏం రాసినా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరే మొదలుపెడతారు. ఆ రాతి కట్టడం, ఆ పెద్ద కమాను, బెల్జియం నుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్, 1934లో పునాది రాయి, 1939లో ప్రారంభోత్సవం... ఇవన్నీ మనకి కంఠతా వచ్చు. నిజంగానే అందమైన బిల్డింగు, కాదనను. కానీ ఆ మెట్లమీద ఎవరికీ పక్క వెయ్యరు, ఆ కమాను కింద ఎవరికీ అన్నం పెట్టరు కదా. నల్గొండ నుంచో మెదక్ నుంచో ట్రంకుపెట్టె పట్టుకుని దిగిన కుర్రాడికి అడ్మిషన్ కంటే ముందు రెండు ప్రశ్నలుంటాయి. రాత్రికి ఎక్కడ పడుకోవాలి? పొద్దున ఎవరు పెడతారు? ఈ రెండింటికీ జవాబు దొరికినవాడు విద్యార్థి అయ్యాడు. దొరకనివాడు సాయంత్రం బస్సో రైలో పట్టుకుని ఊరికి పోయాడు. అలా తిరిగి పోయినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు కాబట్టి చరిత్రలోనూ ఉండవు.

"కంచం పొత్తు, మంచం పొత్తు" అని మన పెద్దాళ్ళు ఒక మాట వాడేవాళ్ళు, గుర్తుందా? ఎవరితో కలిసి తినొచ్చు, ఎవరితో వియ్యమందొచ్చు అనేదానికి లెక్క అది. నేనిక్కడ మంచాన్ని వట్టి మంచంగానే వాడుతున్నాను, నవారు మంచం :) అయినా ఆ సామెత నీడ ఈ కథమీద పడకుండా ఉండదు. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

హాస్టళ్ళు రాకముందు ఈ సమస్యకి మనవాళ్ళు కనిపెట్టిన పరిష్కారం వారాలు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, ఇలా ఏడు ఇళ్ళు మాట్లాడుకుని చదువుకోవడం. మా తాతల తరం జీవితచరిత్రలు తిరగేస్తే "వారాలు చేసుకుని చదివారు" అన్న వాక్యం తగలకుండా ఉండదు. గొప్ప ఏర్పాటే, కానీ పెట్టే ఇల్లూ తినే పిల్లాడూ ఒకే కులం అయితేనే నడిచే ఏర్పాటు. డబ్బులిచ్చి తినాలంటే పూటకూళ్ళ ఇళ్ళు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని చూసి నవ్వుకుంటాం గానీ, టంగుటూరి ప్రకాశంగారు ప్లీడరయ్యారంటే వాళ్ళమ్మ సుబ్బమ్మగారు ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడపబట్టే. ఎవరో పరాయి వాళ్ళకి వండిపెట్టి సొంత కొడుకుని చదివించింది ఆ తల్లి.

ఇక హైదరాబాదుకి వద్దాం. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు, 1919లో క్లాసులు మొదలయ్యాయి. నిజాం కాలేజీ దగ్గర అద్దె కొంపల్లో, 225 మంది పిల్లలతో. చదువంతా ఉర్దూలో. దేశంలో ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ ఇదే. ఇంగ్లీషు పుస్తకాలని ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అని ఒక అనువాద కార్యాలయమే పెట్టారు, జోష్ మలీహాబాదీ లాంటి కవులు అందులో ఉద్యోగం చేశారు. ఫిజిక్సూ మెడిసినూ మాతృభాషలో చెప్పొచ్చా అని మనం ఈ రోజుకీ వాదించుకుంటుంటాం. వాళ్ళు వందేళ్ళ కిందటే చేసి చూపించారు. ఒక్కటే చిక్కు, అది ఎవరి మాతృభాష అన్నది. సంస్థానం జనాభాలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. వాళ్ళకి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ కూడా ఇంచుమించు అంతే. 1921లో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్లో కార్వే పండితుడి అధ్యక్షతన జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. పట్నంలో తెలుగువాడి పరిస్థితి అదీ.

అలాంటి పట్నంలో తెలుగు పిల్లాడికి తెలుగు మాట వినిపించే చోటు, తెలుగు పత్రిక కంటపడే చోటు ఏది? క్లాసురూము కాదు. హాస్టలు.

1918లో, అంటే ఉస్మానియాలో ఒక్క క్లాసు కూడా మొదలవకముందే, రెడ్డి హాస్టల్ వచ్చింది. పెట్టింది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి, తర్వాత 1920లో నగరానికి కొత్వాలు అయినాయన. యూనివర్సిటీ కంటే ముందు మంచాలు సిద్ధం చేసినాయన ముందుచూపుకి దండం పెట్టాలి. దాని నిర్వహణ చూసినవాళ్ళలో సురవరం ప్రతాపరెడ్డిగారొకరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం, తెలంగాణలో కవులే లేరన్నందుకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసిన సురవరం. ఆయన లైబ్రరీ మీద అంత శ్రద్ధ పెట్టిన హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్లలకి సాయంత్రం పూట ఏం కబుర్లు నడిచి ఉంటాయో ఊహించుకోండి. అక్కడ ఉండి చదువుకున్నవాళ్ళలో రావి నారాయణరెడ్డి ఒకరు. చదువు మధ్యలో వదిలేసి 1930లో కాకినాడ ఉప్పు సత్యాగ్రహానికి వెళ్ళిపోయాడు, తర్వాత ఆంధ్ర మహాసభని నడిపాడు, సాయుధ పోరాటంలో ముందు నిలబడ్డాడు. కొత్వాలు పెట్టిన హాస్టల్లోంచి నిజాంని ఎదిరించినవాడు రావడం... చరిత్రకి ఇలాంటి సరదాలు ఎక్కువ.

ఒక కులం పెట్టాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్ నగర్ చుట్టుపక్కల తిరిగి చూడండి. వైశ్య హాస్టలు, మున్నూరుకాపు హాస్టలు, గౌడ హాస్టలు, ఇంకా బోలెడు. కాచిగూడ స్టేషనుకి దగ్గర, కోఠీ కాలేజీలకి దగ్గర. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకి ఇవే మొదటి గూడు. "కుల సంఘాలు మన సమాజాన్ని చీల్చాయి" అని వ్యాసాలు రాయడం సుళువు, నేనూ కాలేజీలో అలాంటి ఉపన్యాసాలు దంచాను. కానీ నాకు ఆ నోరు వచ్చిందే ఒక కుల హాస్టలు పెట్టిన అన్నం వల్ల.

మా నాన్న 1966లో పీయూసీ చదవడానికి నల్గొండ జిల్లా నుంచి హైదరాబాదు వచ్చారు. మా కులం వాళ్ళ హాస్టల్లో ఒక మంచం, రెండు పూటలా భోజనం. నెలకి కట్టాల్సింది కట్టలేకపోతే పంట వచ్చాక కట్టమనేవాళ్ళట. ఆయనతోపాటు అదే ఊరి నుంచి ఇంకో కుర్రాడు వచ్చాడు, నాన్న కంటే మార్కులెక్కువ. లెక్కల్లో నాన్నకి అనుమానాలొస్తే తీర్చేది అతనే. అతని కులానికి పట్నంలో హాస్టలు లేదు. ఒక వారం రోజులు నాన్న మంచం మీదే సర్దుకున్నాడు. వార్డెన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు గానీ, మెస్సులో కూర్చోబెట్టే వీల్లేదు. నాన్న కంచంలోది గదిలోకి తెచ్చి ఇద్దరూ తినేవాళ్ళట. ఎనిమిదో రోజు అతను ఊరికెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. నాన్న గవర్నమెంటు ఉద్యోగంలో రిటైరయ్యారు. ఆయన నాలుగెకరాలు దున్నుకుని, ఊళ్ళో పిల్లలకి ఉచితంగా లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. "కంచం దొరికితెనే గదరా కాలేజి" అంటుంటారు నాన్న, ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా. ఆ మాటలో ఆయన తనని తాను తిట్టుకుంటున్నారో, హాస్టల్ని తలుచుకుంటున్నారో నాకెప్పుడూ అర్థం కాదు.

సరే, క్యాంపస్ లోపలికి పోదాం. 1930ల్లో యూనివర్సిటీ అడిక్‌మెట్ వైపు తన సొంత స్థలానికి మారింది. దాంతోపాటే సొంత హాస్టళ్ళు. షేర్వానీలు వేసుకున్న పిల్లలు, ముషాయిరాలు, నాటకాలు. మఖ్దూం మొహియుద్దీన్ చదివిందీ ఆ రోజుల్లోనే. మెదక్ జిల్లా అందోలు నుంచి వచ్చిన అనాథ. బొమ్మలమ్మి, ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకుంటూ చదువుకున్నాడు. ఆయన పేరు మొదట మోగింది విప్లవ కవిగా కాదు, 1933లో రాసిన "పీలా దుశాలా" అన్న నవ్వుల పద్యం వల్ల. పచ్చ శాలువా గురించి! తర్వాత కార్మిక నాయకుడై జైళ్ళకెళ్ళిన మనిషిని తోటి విద్యార్థులు ముందు తెలుసుకున్నది ఒక జోకు ద్వారా. హాస్టలు అంటే అదే మరి. అక్కడ ఎవరూ మహాకవిగా అడుగుపెట్టరు.

ఇక్కడి నుంచి కథ కొంచెం సీరియస్. 1938 నవంబరు చివర్లో ఉస్మానియా హాస్టలు ప్రార్థన గదిలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. అప్పటికి నెల కిందటే, అక్టోబరులో, స్టేట్ కాంగ్రెస్, ఆర్యసమాజం సత్యాగ్రహాలు మొదలయ్యాయి, సంస్థానం అంతా వేడెక్కి ఉంది. అధికారులు పాడొద్దన్నారు. పిల్లలు మానలేదు. ముందు హాస్టల్లోంచి పొమ్మన్నారు, తర్వాత కాలేజీల్లోంచి. ఈ క్రమాన్ని గమనించండి, ముందు మంచం, తర్వాత సీటు. సమ్మె ఉస్మానియా కింద ఉన్న వరంగల్, గుల్బర్గా, మహబూబ్‌నగర్ కాలేజీలకీ పాకింది, వందల మంది బయటపడ్డారు. నాగపూర్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ టి. జె. కేదార్ వాళ్ళకి తలుపులు తీశాడు. ఒక యూనివర్సిటీ గెంటేసిన పిల్లల్ని పరాయి ప్రావిన్సులో ఇంకో యూనివర్సిటీ చేర్చుకోవడం చిన్న విషయం కాదు. హన్మకొండలో ఇంటర్ చదువుతున్న పి. వి. నరసింహారావు ఆ పోయినవాళ్ళలో ఒకడు. అప్పటికి పదిహేడేళ్ళు.

దీన్ని జాతీయోద్యమ ఘట్టంగా పాఠాల్లో చెబుతారు, అది సరే. ఇందులో మతం పాలు ఎంత, జాతీయత పాలు ఎంత అని ఇంకా కొట్టుకుంటారు, అదీ సరే. నాకు ఆసక్తి కలిగించేది గొడవ జరిగిన చోటు. క్లాసురూములో కాదు, ఊరేగింపులో కాదు, ఇరవై అడుగుల ప్రార్థన గదిలో అనుకోండి, ఒకే కప్పు కింద నిద్రపోయే కుర్రాళ్ళ మధ్యలో. క్లాసులో పక్కన కూర్చున్నవాడి నమ్మకాలతో మనకి పని లేదు, గంట కొడితే ఎవరి దారి వాడిది. హాస్టల్లో గంట కొట్టడం ఉండదు. వాడు పాడేది నాకు వినిపిస్తుంది, నేను తినేది వాడికి వాసనొస్తుంది. అందుకే మన యూనివర్సిటీల్లో పెద్ద గొడవలన్నీ అక్కడే అంటుకుంటాయి, పెద్ద స్నేహాలూ అక్కడే.

1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు మీడియం వచ్చింది. 1952లో ముల్కీ గొడవ, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు. 1969 సంగతి మీకు తెలిసిందే, ఎంతోమంది ప్రాణాలు పోయాయి, బతికినవాళ్ళకి చదువులో ఏడాది పోయింది. నాన్న అప్పుడు డిగ్రీ రెండో ఏడు. కాలేజీ లేదు, పరీక్షల్లేవు, సగం మంది ఊళ్ళకెళ్ళారు. వంటమనిషి మాత్రం మిగిలిన పిల్లలకి రోజూ పొయ్యి వెలిగించాడట, సరుకులు ఎక్కడి నుంచి తెచ్చేవాడో ఎవరూ అడగలేదు. 1972 ఏప్రిల్ 14న జార్జ్ రెడ్డిని చంపింది ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గరే. పాతికేళ్ళ ఫిజిక్స్ రీసెర్చ్ విద్యార్థి. 2019లో సినిమా వచ్చాక మన ఆఫీసుల్లో కూడా ఆ పేరు తెలిసింది.

ఆడపిల్లల సంగతి ఒక్క పేరాలో తేల్చేస్తే అన్యాయమే, కానీ నాకు తెలిసినంత వరకే చెబుతాను. మహిళా కళాశాల 1924లోనే మొదలైంది, 1949లో కోఠీలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. 2022లో యూనివర్సిటీ అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పేరు బాగా కుదిరింది. తన పంట తన ఇంటికే చేరాలని దొరల మీద కొట్లాడిన మనిషి పేరు. మా అమ్మకి కూడా చదవాలనే ఉండేదట, కానీ మా తాత అడిగిన ఒక్క ప్రశ్నతో ఆగిపోయింది: "ఆడ్నే ఉంటదా, రాత్రి పూట గూడ?" మగపిల్లాడికి మంచం దొరకడం సమస్య. ఆడపిల్లకి ఆ మంచం మీద పడుకోనివ్వడమే సమస్య.

నాన్ బోర్డర్ అన్న మాట మీలో ఉస్మానియా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: హాస్టల్ సీటు లేకుండా, సీటున్న స్నేహితుడి గదిలో ఉండేవాడు నాన్ బోర్డర్. ఇద్దరి గదిలో ఐదుగురు. కోర్సు అయిపోయినా గ్రూప్స్ కోసం, నోటిఫికేషన్ల కోసం ఉండిపోయే సీనియర్లు. పేపర్లలో దీన్ని అక్రమ నివాసం అంటారు. రూలు ప్రకారం నిజమే కావచ్చు. కానీ నాకైతే ఇది పాత వారాల పద్ధతికి మనవడిలా కనిపిస్తుంది. ఒక పెద్ద మార్పుతో. వారాల్లో పెట్టేవాడూ తినేవాడూ ఒకే కులం. నాన్ బోర్డర్ల గదిలో ఆ ఐదుగురూ ఐదు కులాలు కావడం మామూలు. మా నాన్న చాటుగా కంచం తెచ్చి చేసిన పనిని వీళ్ళు బాహాటంగా చేశారు. సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ళు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు వచ్చాక క్యాంపస్‌కి చేరిన పిల్లలు వాళ్ళు.

2009 నవంబరు, డిసెంబరులో ఆ పిల్లలే ఉద్యమానికి నడుమయ్యారు. లాఠీలు, టియర్ గ్యాస్, ఆర్ట్స్ కాలేజీ ముందు టీవీ వ్యాన్లు. ప్రభుత్వం విద్యాసంస్థలకి సెలవులు ప్రకటించింది, హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. 1938 నాటి కిటుకే మళ్ళీ. కుర్రాణ్ణి ఓడించాలంటే వాదన అక్కర్లేదు, పొయ్యి ఆర్పితే చాలు అనుకుంటారు ప్రతి తరం పాలకులూ. వీళ్ళు కదల్లేదు. పాలించేవాళ్ళది ఏ పార్టీ, ఏ రాజ్యం అన్నదాంతో దీనికి సంబంధం లేదు, గమనించండి.

అలాగని క్యాంపస్‌ని స్వర్గం చెయ్యను. 2012 ఏప్రిల్ 15న దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టారు. మా ఇళ్ళల్లో మేం తినేది హాస్టల్ మెస్సులో ఎందుకు ఉండదు అన్నది వాళ్ళ ప్రశ్న. ఇంకో వర్గం అడ్డుకుంది, కొట్లాటలయ్యాయి, కత్తిపోటు దాకా పోయింది. "తిండి మీద గొడవేంటి, చదువుకోక" అని మా టీములో ఒకాయన విసుక్కున్నాడు. తొంభై ఏళ్ళుగా అక్కడ గొడవంతా తిండి మీదే అని ఆయనకి చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. మెస్సు మెనూ ఎవరు రాస్తారో వాళ్ళదే ఇల్లు, మిగతావాళ్ళు అతిథులు. ఆ అతిథి హోదా వద్దన్నారు వాళ్ళు. వాళ్ళు ఎంచుకున్న పద్ధతి మీకు నచ్చకపోవచ్చు, నాకు ప్రశ్న మాత్రం న్యాయంగానే కనిపించింది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఈ కథకి బయటివాళ్ళమని అనుకోకండి. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో ఒక గదిలో ఆరు మంచాలేసిన మెన్స్ హాస్టళ్ళలో ఉండి జావా నేర్చుకున్నవాళ్ళం మనలో ఎంతమంది? నేను 2000లో ఎమ్మెస్‌కి అమెరికా దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ముఖపరిచయం కూడా లేని ఒక సీనియరు. మూడు వారాలు వాళ్ళ అపార్టుమెంటు హాల్లో కార్పెట్ మీద పడుకున్నాను. ఫ్రిజ్ మీద వంట టర్నుల కాగితం, ఆదివారం నాది. నేను చేసిన పప్పు తిన్న ఆ ఐదుగురూ ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటారు, మంచిగా కాదు. ఐ-ట్వంటీ ఇచ్చింది యూనివర్సిటీయే, కానీ నన్ను విద్యార్థిని చేసింది ఆ కార్పెట్. మూడో రోజు రాత్రి ఒకడు మాటల్లో ఇంటిపేరు అడిగాడు. ఎందుకు అడిగాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. రెండు వేల సంవత్సరం, పదివేల మైళ్ళ దూరం, అయినా సరే. ఆ తర్వాత కూడా అన్నం పెట్టాడు, అది కూడా చెప్పాలి.

2017లో ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలని నాన్న టీవీలో చూశారు. 2024 వేసవిలో హాస్టళ్ళూ మెస్సులూ మూస్తామన్న నోటీసు ఏకంగా ఎన్నికల గొడవైనప్పుడు కూడా పేపరంతా చదివి వినిపించారు.

పోయిన ఏడు ఆ లెక్కల స్నేహితుడి మనవరాలికి హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటొచ్చింది, మ్యాథ్సే. ఆయన ఫోన్ చేసి చెబితే నాన్న కంగ్రాట్స్ అని కూడా అనలేదు. "హాస్టల్ దొరికిందా?" అనడిగారు. దొరికిందట. "మెస్సుల ఏం పెడుతున్నరు?" అటు నుంచి ఏదో జవాబొచ్చింది. నాన్న ఫోన్ పెట్టేసి అమ్మతో అన్నారు, "పొద్దుగాల ఉప్మా అంట. ఇంక మారలే."